పద్నాలుగో సీటు దిండు

కుక్క తోక దగ్గర టైలరక్క చెయ్యి ఆగింది. తోక ఎక్కడ అయిపోయి నీడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, తెరకి జానెడు దూరం దాకా వంగి చూసింది. మౌసుని వెంట్రుకవాసి జరిపి ఒక చుక్క పెట్టింది. ఇంకొంచెం జరిపి ఇంకో చుక్క. చుక్కకీ చుక్కకీ మధ్య గీత దానంతటదే పడుతుంది. కుక్క చుట్టూ తిరిగి మొదటి చుక్క దగ్గరికి వచ్చేసరికి గీత మూసుకుంది, కుక్క మొత్తం పచ్చగా మారింది. పక్కన తెరుచుకున్న పట్టీలో "జంతువు" అన్నదాన్ని నొక్కింది. ఆ వీధి పోయి ఇంకో వీధి వచ్చింది.

రోజుకి మూడు వందల బొమ్మలు. అన్నీ వీధులే. ఏదో కారు నెత్తిన కెమెరా పెట్టుకుని తిరుగుతూ తీసినవి. డ్రైవరు లేకుండా నడిచే బండి ఒకటి తయారవుతోందట. దానికి ఏది స్తంభమో, ఏది మనిషో తెలియదు. అది నేర్పడం ఈ హాల్లో నలభైమంది పని. అంత ఖర్చు పెట్టి చేసిన తెలివైన మిషనుకి "ఇది కుక్కరా నాయనా" అని చెప్పడానికి, కుట్టుమిషను తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్న యాభై నాలుగేళ్ళ ఆడమనిషి కావలసి వచ్చింది. పైగా తెలివైనదన్న పేరు దానికి, పదో తరగతి తప్పిందన్న పేరు ఈమెకి!

అంతకుముందు పద్దెనిమిదేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కత్తిరించి కుట్టింది. ఫ్యాక్టరీకి తాళం పడ్డాక ఎక్కడికి వెళ్ళినా వయసు అడిగి, కళ్ళజోడు చూసి, కబురు చేస్తామన్నారు. ఏ కబురూ రాలేదు. చివరికి చెల్లెలి కూతురు తన పక్క సీటు ఖాళీ అయిందని ఇక్కడికి తీసుకొచ్చింది. మొదటి వారం మౌసు చేతిలో పాదరసంలా జారిపోయేది. రెండో నెల తిరిగేసరికి హాల్లో ఆమెలా అంచు గీసేవాళ్ళు లేరు. కత్తెర నడిచిన చేతికి అంచు ఎక్కడుందో ఒకరు చెప్పాలా?

హాలు ఒకప్పుడు సోఫాలు అమ్మిన షోరూము. గోడ మీద "మెత్తదనానికి మాది పూచీ" అన్న అక్షరాలు సున్నం కిందనుంచి ఇంకా కనిపిస్తుంటాయి. వేసిన కుర్చీలు మాత్రం గట్టి ప్లాస్టిక్‌వి. గంట కూర్చుంటే తొడలు తిమ్మిరెక్కుతాయి. అందుకని టైలరక్క ఒక దిండు కుట్టుకుంది, ఫ్యాక్టరీ మూసేసిన రోజు మూట కట్టి తెచ్చుకున్న చొక్కా ముక్కలతో. నీలం, తెలుపు చారలు. వెనకవైపు జిప్పు. గుమ్మం దగ్గర ఫోన్లు, పెన్నులు, కాగితాలు డబ్బాలో వేసి రావాలి. దిండ్ల మీద ఏ నిషేధమూ లేదు. కాపలామనిషి రోజూ దాన్ని పైనుంచి రెండుసార్లు తట్టి పంపించేస్తాడు. లోపల దూది కింద నోటు పుస్తకం ఒకటి, దానికి దారంతో వేలాడే పెన్సిలు ముక్క ఒకటి ఉంటాయని అతనికి తెలియదు.

ఆ పుస్తకం ఎందుకు పుట్టిందో చెప్పాలంటే తెర పైన కుడిమూలన ఉండే అంకె గురించి చెప్పాలి. అది మార్కు. ప్రతి బొమ్మా హాల్లో ఎవరో ముగ్గురికి వెళుతుంది. ఆ ముగ్గురూ ఎవరో పైకి చెప్పరు. ఇద్దరు ఏమంటే అదే నిజం. మూడోవాడు తప్పు, వాడికి ఒక మార్కు కోత. వాడి కళ్ళకి కనిపించిందేమిటో ఎవరికీ పట్టదు. పోయిన మార్కు తిరిగి రావాలంటే వెయ్యి బొమ్మలు వరసగా మిగతావాళ్ళతో కలవాలి. తొంభై అయిదు కంటే దిగితే తెర బూడిద రంగుకి తిరుగుతుంది. ఇక సీటు లేదు. నోటీసు లేదు, సంజాయిషీ లేదు, మాట్లాడడానికి ఎదురుగా మనిషే లేడు.

మొదట్లో వారానికొక సీటు ఖాళీ అయ్యేది. అప్పుడు టైలరక్కే అంది, "మనకి మనం అడ్డం పడటమెందుకు? ముందే ఒక మాట అనుకుంటే పోలా?" అలా పుస్తకం మొదలైంది. అద్దంలో కనిపించే మనిషి మనిషి కాదు. పోస్టరు మీదివాడూ కాదు. తల్లి వీపున ఉన్న చంటిది, ఇద్దరినీ కలిపి ఒకరే. గొడుగు పట్టుకున్నవాణ్ణి గొడుగుతో సహా గీయాలి. ఒకసారి రాసినది మార్చాలంటే ముగ్గురు సంతకం పెట్టాలి. ఎవరి ఇష్టానికి వాళ్ళు కొట్టేస్తే పుస్తకానికి విలువేముంటుందని ఆ నియమం కూడా ఆమే పెట్టింది. అనుమానం వచ్చినవాళ్ళు నడుం పట్టుకుని, "అబ్బా, ఆ దిండు కాస్త ఇటివ్వండి, నడుం పోతోంది" అంటారు. దిండు చేతులు మారుతుంది. రెండు నిమిషాల్లో పద్నాలుగో సీటుకి తిరిగొస్తుంది. పాపం, ఏమీ తెలియని టీం లీడరు హాల్లో అందరికీ నడుం నొప్పులున్నాయని, కుర్చీలు మార్చాలని పైకి రాశాడు. కుర్చీలు బాగానే ఉన్నాయని జవాబొచ్చింది.

పుస్తకం వచ్చాక ఎనిమిది నెలల్లో ఒక్క సీటు కూడా ఖాళీ కాలేదు.

ఇవాళ టైలరక్క మార్కు సరిగ్గా తొంభై అయిదు. సోమవారం తొంభై ఏడు. మధ్యలో పోయిన రెండూ ఒకే వీధి దగ్గర పోయాయి. నీలం రేకుల గోడ, తలకిందులైన తోపుడుబండి, దాని పక్కన గోనెపట్టా కప్పి ఏదో ఉన్న వీధి.

కారు ముందుకి జరిగేకొద్దీ తీసిన వరస బొమ్మలవి. నెలరోజుల కిందట మొదలయ్యాయి. దూరం నుంచి తీసిన వాటిలో ఆ గోనెపట్టా ఇంత ముద్దలా కనిపించేది. కొందరు మూటన్నారు, కొందరు మనిషన్నారు. మార్కులు రాలిపోతుంటే చెల్లెలి కూతురు ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు టైలరక్కే పుస్తకం తీసి తన చేత్తో రాసింది: "నీలం గోడ, తోపుడుబండి పక్కన ఉన్నది మూట." అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ రోజులు గడిచేకొద్దీ కారు దగ్గరికి వస్తోంది. పోయిన వారం పట్టా కొసన ఏదో నల్లగా కనిపించింది. సోమవారం బొమ్మలో అవి వేళ్ళు. కాలివేళ్ళు. టైలరక్క "మనిషి" నొక్కింది. మార్కు పోయింది. తెర అడుగున "అభ్యంతరం" అని ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కి, "కాలివేళ్ళు కనిపిస్తున్నాయి, దయచేసి చూడండి" అని రాసింది. కన్ను మూసి తెరిచేలోగా జవాబొచ్చింది. "మీ అభ్యంతరం పరిశీలించబడినది. ఫలితంలో మార్పు లేదు." పరిశీలించారట! ఎవరు, ఎప్పుడు, ఏ కళ్ళతో?

బుధవారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ మనిషనే అంది. ఇంకో మార్కు పోయింది. ఆ సాయంత్రం మెట్ల మీద కండక్టరుని పట్టుకుని సంతకం అడిగింది. ముప్ఫై ఒకటో సీటాయన, ఒకప్పుడు బస్సుల్లో టిక్కెట్లు కొట్టినాయన. అందరిలోకీ పెద్ద. ఆయన మాటంటే హాల్లో గురి.

"రెండొందల బొమ్మలకి మూట అని చెప్పాం అక్కా. ఇప్పుడు మనిషంటే సగంమంది అటూ సగంమంది ఇటూ అవుతారు. ఎన్ని సీట్లు లేస్తాయో తెలుసా?" అన్నాడాయన చూపు తిప్పుకుని.

"మరి వాడి సంగతి?"

"వాడు బొమ్మలోవాడు. మనం బయట ఉన్నాం."

టైలరక్కకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన్ని ఏమనగలదు? ఆ "మూట" అన్న అక్షరాలు తన దస్తూరీయే.

ఇవాళ మధ్యాహ్నం అన్నాల వేళ మెట్ల మలుపు దగ్గర డబ్బా విప్పుకుంది. పక్కన చెల్లెలి కూతురు. ఎదురుగా రికార్డరమ్మాయి. ఏదో యూనివర్సిటీ నుంచి మూడు నెలలుగా వస్తోంది. కంప్యూటర్ల వెనక ఉండే కూలీపని మీద పరిశోధన. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. టైలరక్కే జాలిపడి మాట్లాడింది. ఇప్పుడు దిండు గురించే ఇరవై పేజీలు రాసిందట, హాలు పేరు లేకుండా.

"మీకు చెప్పాను కదండీ, వేరే ఊళ్ళల్లో సామాన్లు చేరవేసేవాళ్ళు, ఇళ్ళు ఊడ్చేవాళ్ళు కలిసి సొంతంగా యాప్ పెట్టుకున్నారని. కార్మికులే సొంతదారులు. నిబంధనలు వాళ్ళే ఓటేసి పెట్టుకుంటారు. మీరూ అలాంటిది పెట్టుకోవచ్చు. మీ పుస్తకమే దానికి మొదలు" అంది రికార్డరమ్మాయి. కళ్ళల్లో నిజంగానే వెలుగుంది.

"పెట్టుకుంటే ఏం వస్తుంది?"

"ఏది మనిషో ఏది కాదో మీరే చెప్పొచ్చు."

టైలరక్క చేతిలో ముద్ద డబ్బాలో వదిలేసింది.

"ఇదిగో అమ్మాయ్, నువ్వు మంచిదానివే. కానీ ఒకటి చెప్పు. మనిషిని చూసి మనిషి అని చెప్పడానికి నేను సొంతదారుని కావాలా? కూలిదాన్నయితే నా కళ్ళు కళ్ళు కావా?"

రికార్డరు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. రికార్డరమ్మాయి దాన్ని చూసుకుని సిగ్గుపడి ఆపేసింది.

"ఆపకు. రాసుకో. ఆ పుస్తకంలో మొదటి అబద్ధం నేనే రాశానని కూడా రాసుకో" అంది టైలరక్క.

"పెద్దమ్మా, పెదనాన్నని తలుచుకుంటున్నావు కదూ?" అంది చెల్లెలి కూతురు మెల్లిగా.

ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, లోడు దించాక, గోడ నీడన పడుకున్నాడు. ఈగలు ముసురుతుంటే మొహం మీదికి గోనెపట్టా లాక్కున్నాడు. వెనక్కి వస్తున్న లారీ ఆగలేదు. ఆ డ్రైవరు స్టేషన్లో ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "మూటనుకున్నానమ్మా, తల్లీ, మూటనుకున్నాను." అతను రెండు రోజులుగా నిద్ర లేకుండా బండి తోలుతున్నాడు. గడ్డం మాసి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆమె అతన్ని తిట్టలేకపోయింది. ఆ తర్వాత కూడా అతని మీద కోపం పెట్టుకోలేకపోయింది. ఆ కోపం ఇన్నేళ్ళూ ఎటు పోవాలో తెలియక లోపలే ఉండిపోయింది.

"తలుచుకోక? ఆ డ్రైవరు ఒక్కసారి పొరబడ్డాడే. జీవితాంతం ఏడ్చుంటాడు. ఈ మిషనుకి మనం కూర్చుని నేర్పిస్తున్నాం, రోజూ, చెయ్యి పట్టుకుని. రేపది ఎక్కించేసి వెళ్ళిపోతుంది. ఏడవను కూడా ఏడవదు."

డబ్బా మూత పెట్టేసి లేచింది.

టీ విరామంలో అందరూ కిందికి వెళితే తను సీట్లోనే ఉండిపోయింది. దిండు ఒళ్ళో పెట్టుకుని జిప్పు తీసింది. నీలం గోడ పేజీ వెతికి, తను రాసిన వాక్యం కింద పెన్సిలుతో నొక్కి రాసింది: "ఇది మనిషి. కాలివేళ్ళు చూడండి. అప్పుడు నేను రాసింది తప్పు." దాని కింద మూడు గీతలు గీసి, మొదటి గీత మీద సంతకం పెట్టింది. మిగతా రెండు గీతలూ ఖాళీ. పుస్తకం దూది కింద పెట్టి జిప్పు లాగింది.

నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. నీలం గోడ వచ్చింది.

కారు ఇంకా దగ్గరికొచ్చింది. పట్టా నేతలో పోగులు లెక్కపెట్టేంత దగ్గర. అయిదు వేళ్ళు. బొటనవేలి గోరు చిట్లి ఉంది. మడమ పగుళ్ళల్లో మట్టి. టైలరక్క ఎందుకో పక్కకి చూసింది. చెల్లెలి కూతురి తెర మీదా అదే నీలం గోడ. అలా పక్కపక్క సీట్లకి ఒకే బొమ్మ రావడం ఎప్పుడో గానీ జరగదు. ఆమె చూస్తుండగానే ఆ గోడ మాయమై ఏదో సిగ్నలు స్తంభం వచ్చింది.

"ఏం కొట్టావే?"

పిల్ల మొహం తెల్లబోయింది. "మూట. పెద్దమ్మా, నువ్వూ అదే కొట్టు. నీకు తొంభై అయిదే ఉంది."

"వేళ్ళు చూడలేదూ?"

"చూశాను. చెయ్యి ముందే కొట్టేసింది."

కొట్టిన జవాబు వెనక్కి రాదు. ఇంకా మూడోవాడున్నాడు, ఎవరో ఏమిటో. వాడు పుస్తకం చూసి కొడతాడా, కళ్ళు పెట్టి చూస్తాడా? టైలరక్క మౌసు పట్టుకుంది.

"పెద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ ఒక్కసారికి. నువ్వు పోతే నీకెవరిస్తారు పని?"

"నోరు ముయ్యి. గీత చెడిపోతుంది."

బొటనవేలి దగ్గర మొదలుపెట్టింది. గోరు చుట్టూ మూడు చుక్కలు. వేలికీ వేలికీ మధ్య సందులోకి దిగి పైకొచ్చింది. మడమ వంపు తిప్పింది. పట్టా కింద పిక్క ఎత్తు, మోకాలు, ముడుచుకున్న నడుం, భుజం. తల ఎక్కడుందో పట్టా నలిగిన తీరుని బట్టి తెలిసింది. ఎన్ని వేల కాలర్ల మెడవంపు తిప్పిందో, ఆ చేత్తో ఆ తల చుట్టూ తిప్పి, మళ్ళీ బొటనవేలి దగ్గరికి వచ్చింది. గీత మూసుకుంది. పట్టా కిందివాడు ఎర్రగా వెలిగాడు. "మనిషి" నొక్కింది.

కొన్ని క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత మూలన అంకె తొంభై నాలుగయింది. తెర బూడిద రంగుకి తిరిగింది. మధ్యలో ఒక వాక్యం: "మీ సేవలకు ధన్యవాదాలు."

టీం లీడరు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. అతనికీ ఎక్కడో ఒక మార్కుంటుంది. తెర వైపు చూసి మెడ రుద్దుకున్నాడు.

"అమ్మా, ఏం చెయ్యనండీ. ఇది నా చేతుల్లో లేదు."

"నీ చేతుల్లో లేదు, నా చేతుల్లో లేదు. మరెవరి చేతుల్లో ఉంది నాయనా? ఎవడు వాడు, ఒక్కసారి పిలువు. ఎదురుగా నిలబెట్టి ఆ బొమ్మ చూపించి, ఇదేంట్రా అని అడుగుతాను. మూట అననీ నా మొహం మీద!"

నలభై మౌసుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది, పని మధ్యలో అలా ఆగడం ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. టీం లీడరు తల దించుకున్నాడు. వాడి మీద అరిచి ఏం లాభమని ఆమెకే అనిపించింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని పెట్టెలో పెట్టుకుంది. అన్నం డబ్బా సంచిలో వేసుకుంది. చెల్లెలి కూతురు తల మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఉంచింది. తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు.

"ఆ దిండు మర్చిపోయారు" అన్నాడు టీం లీడరు.

"ఉండనీ బాబూ. ఇక్కడ అందరికీ నడుం నొప్పులు కదా."

కింద గుమ్మం దగ్గర కాపలామనిషి డబ్బాలోంచి ఫోను తీసిచ్చాడు. ఇవాళ తొందరగా పోతున్నావేంటక్కా అని అడిగాడు. ఫోనులో అప్పటికే ఒక సందేశం వచ్చి ఉంది. మా సంస్థలో మీ అనుభవానికి అయిదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారట. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. నక్షత్రాలు అడుగుతున్నారు, సిగ్గులేని వెధవలు! ఫోను సంచిలో పడేసి, ఎండలోకి నడిచి, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

పైన హాల్లో మౌసుల చప్పుడు మళ్ళీ మొదలైంది. పద్నాలుగో సీటు తెర ఆరిపోయింది. చెల్లెలి కూతురు సిగ్నలు స్తంభాన్ని అలాగే వదిలేసి కూర్చుంది. కాసేపటికి చెయ్యి చాచి దిండు ఒళ్ళోకి లాక్కుని, జిప్పు తీసి, నీలం గోడ పేజీ దగ్గర ఆగిపోయింది. పెద్దమ్మ పెన్సిలు ఎంత నొక్కి పెట్టిందో సంతకం దగ్గర కాగితం చిరిగింది. పిల్ల ముక్కు ఎగబీల్చి, రెండో గీత మీద తన పేరు రాసింది.

అప్పుడు ముప్ఫై ఒకటో సీటునుంచి కండక్టరు గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఆ దిండు కాస్త ఇలా ఇవ్వు. నడుం పోతోంది."

దిండు వెళ్ళింది. ఆయన పుస్తకం తీసి పేజీ చూశాడు. టైలరక్క సంతకం మీద బొటనవేలు ఆనించి చాలాసేపు ఉన్నాడు.

"ఆ మూడోవాణ్ణి నేనే. ఇందాక ఈ గోడ వస్తే మూట అని కొట్టాను" అన్నాడు. పక్క సీటువాడికి మాత్రమే వినిపించింది.

సంతకం పెట్టాడు. పుస్తకం మారడానికి మూడు చాలు. దిండు పద్నాలుగో సీటుకి తిరిగి రావాలి. కానీ పన్నెండో సీటామె నడుం పట్టుకుని అబ్బా అంది. ఆమె ఇవ్వకముందే అయిదో సీటువాడు చెయ్యి చాచాడు. ఆ వెనక ఇంకొకరు.

"ఏంటిది? ఇవాళ హాలు మొత్తానికి నడుం నొప్పేనా?" అన్నాడు టీం లీడరు విసుగ్గా.

చొక్కా ముక్కల ఆ దిండు, జిప్పు సగం తెరుచుకుని, పెన్సిలు ముక్క దారానికి బయట వేలాడుతూ, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, ఒక్కొక్క కుర్చీ దగ్గరా కాసేపు ఆగి, ముందుకి పోతూ ఉంది.